కుంచె పట్టని చేయి

మన వృత్తిలోకి కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, రిటైరై ఇంట్లో కూర్చున్న నన్ను కూడా అందులో చేర్చారు. "మేడమ్, మీ కెరీర్‌లో బెస్ట్ కేసు ఒకటి రాయండి, మాకు ఇన్‌స్పిరేషన్‌గా ఉంటుంది" అని ఒకమ్మాయి అడిగింది. వారం రోజులు ఆలోచించాను. బెస్ట్ కేసులు లేకపోలేదు. తెగిన బొటనవేలు అతికించుకుని వచ్చి, ఏడాది తిరిగేసరికి మళ్లీ పెనం ముందు నిలబడి దోసెలు తిప్పిన వంటాయన ఉన్నాడు. కానీ రాయడానికి కూర్చుంటే ఆ వంటాయన గుర్తుకు రావడం లేదు. చైనా నుంచి వచ్చిన ఒక పెద్దాయన వచ్చి ఎదురుగా కూర్చుంటున్నాడు. ఫైలు ప్రకారం ఆయన కేసు కూడా విజయమే. అలా రాసింది నేనే. కాబట్టి ఇన్‌స్పిరేషన్ కోసం చదువుతున్నవాళ్లు ఇక్కడితో ఆపేసినా నేనేమీ అనుకోను.

ఇరవై ఏళ్ల పైచిలుకు నేను సన్నీవేల్‌లో ఒక క్లినిక్‌లో హ్యాండ్ థెరపిస్టుగా పనిచేశాను. దెబ్బ తగిలో, ఆపరేషన్ అయ్యో వచ్చినవాళ్ల చేత ఆ చేత్తో మళ్లీ పని చేయించడం మన ఉద్యోగం. ఇది మీకు కాదు, మీ ఇంట్లోవాళ్లకు చెబుతున్నాను. మా అత్తగారు పోయేదాకా నేను చేతులకు మసాజ్ చేస్తాననే అనుకున్నారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కీబోర్డు కొట్టి కొట్టి మణికట్లు పాడుచేసుకున్న సాఫ్ట్‌వేర్ వాళ్లు. వాళ్లకు కావలసింది ఒకటే, మళ్లీ కీబోర్డు కొట్టడం. అందుకని "ఈ చేత్తో మీరు ఏం చేయాలనుకుంటున్నారు?" అనే ప్రశ్న అడిగీ అడిగీ నాకు అరిగిపోయింది. జవాబు వినకముందే సగం టైప్ చేసేసేదాన్ని.

పెద్దాయన వచ్చిన రోజు కూడా అంతే.

అరవై ఎనిమిదేళ్ల మనిషి. పల్చటి శరీరం, నున్నగా దువ్విన జుట్టు, కుడిచేతికి స్ప్లింట్. పటం కడుతుండగా అద్దం పగిలి, మణికట్టు లోపలివైపు, చిటికెనవేలి పక్కన దిగబడింది. సర్జన్ తెగిన రెండు టెండన్లు, అంటే కండను ఎముకకు కట్టే తాళ్లు, కుట్టి, చిటికెనవేలికీ ఉంగరపు వేలికీ వెళ్లే అసలు నరాన్ని కూడా కలిపాడు. ఆ నరం తెగితే ఏమవుతుందో మీకు తెలుసు. బలంగా పిడికిలి పట్టడం కొంతవరకు తిరిగి వస్తుంది. సన్నని పనులు చేసే చిన్న చిన్న కండరాలు మాత్రం ఆ వయసులో మళ్లీ లేస్తాయో లేదో దేవుడికే తెలియాలి.

ఆయనతో కూతురు వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, దగ్గర్లోనే ఒక టెక్ కంపెనీలో ఉద్యోగం. మీటింగ్ మధ్యలో లేచి వచ్చింది కాబోలు, ఒళ్లో లాప్‌టాప్ తెరిచే ఉంది. తండ్రికి ఇంగ్లీషు కొద్దిగానే వచ్చు. ఆయన మాటలు ఆమె అనువదించాలి. వాళ్లతో నా సంభాషణంతా ఇంగ్లీషులో జరిగిందే, నేను తెలుగులో రాస్తున్నాను.

"ఈ చేత్తో మీరు ఏం చేయాలనుకుంటున్నారు?" అని అడిగాను.

ఆయన చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో ఎడమచెయ్యి గాల్లోకి లేపి ఏదో నిలువుగా పట్టుకున్నట్టు చూపించాడు, తర్వాత ఆ చెయ్యి కిందికి దించి పిడికిలి బిగించి ముందుకు తోశాడు. కూతురు టైప్ చేస్తూనే విని, "రాతి ముద్రలు చెక్కుతారు. మళ్లీ చెక్కాలంటున్నారు" అంది.

అంతసేపు మాట్లాడినదానికి ఇంత చిన్న అనువాదమేమిటి అని నాకు అనిపించకపోలేదు. అనిపించి ఊరుకున్నాను. బయట ఇంకో పేషెంట్ ఎదురుచూస్తున్నాడు.

ఆయనకు మాత్రం అది చాలినట్టు లేదు. నా వైపు కాస్త వంగి, తనకొచ్చిన ఇంగ్లీషులో, "బ్రష్. బ్రష్ ఫస్ట్" అన్నాడు.

ఇప్పుడు నేను రాయబోయేది చదివి మీరు నవ్వుతారు. నవ్వండి. నేను కూడా కొన్నాళ్లు నవ్వాను. ఆయన పళ్లు తోముకోవడం గురించి అంటున్నాడనుకున్నాను. పొద్దున లేచి చేసుకునే పనులు ముందు రావాలి, ఉద్యోగం తర్వాత, ఎంత సబబైన కోరిక అని మెచ్చుకుని మొదటి గోల్ అదే రాశాను: కుడిచేత్తో పళ్లు తోముకోవడం. లావుపాటి పిడి ఉన్న టూత్‌బ్రష్ ఒకటి అల్మారాలోంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలవంచి నమస్కారంలాంటిది చేసి, జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

రెండో గోల్, అంటే ఉద్యోగానికి సంబంధించింది: ముద్ర చెక్కే ఉలి పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా ఒక ముద్ర పూర్తిగా చెక్కడం.

తర్వాతి వారం ఆయన ఒక్కడే వచ్చాడు. చంకలో గుడ్డసంచి. అందులోంచి ఒక రాయి, వేలెడంత ఉక్కు ఉలి, సిరాబుడ్డి, చిన్న పింగాణీ డబ్బా, పొడవాటి వెదురు కుంచె ఒకటొకటే తీసి నా టేబుల్ మీద పెట్టాడు. పింగాణీ డబ్బాలో ఇంగిలీకంతో చేసిన ఎర్రటి ముద్ద. కుంచె నా ముఖం ముందు పెట్టి, చిన్నపిల్లకి చెప్పినట్టు, "బ్రష్" అన్నాడు. జేబులోంచి నేనిచ్చిన టూత్‌బ్రష్ తీసి పక్కన పెట్టాడు. ముఖంలో నవ్వు లేదు గానీ కళ్లలో ఉంది.

పక్క టేబుల్ దగ్గర పనిచేసే థెరపిస్టు వరంగల్ అమ్మాయి. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. ఆమె మాత్రం పకపకా నవ్వేసింది. "అక్కా, ఆయన పండ్లు మస్తుగనే ఉన్నయి. నువ్వేం ఇచ్చినవ్ ఆయనకు?"

నేను సిగ్గుపడి ఆ రోజంతా ఆయన చెప్పింది విన్నాను. ఇంత ఇంగ్లీషు, అంత అభినయం. వాళ్ల దేశంలో కుర్రతనంలో ఒక గురువు దగ్గర చేరితే, ఆ గురువు మూడేళ్లదాకా ఉలి ముట్టనివ్వలేదట. రోజూ రాతే. ముద్రల మీద ఉండేది చాలా పాతకాలపు లిపి. ముందు ఆ అక్షరాలను కుంచెతో రాయి మీద రాయాలి, అద్దంలో కనిపించినట్టు తిరగేసి. ఆ రాతలో మనిషి ఉంటాడు. ఉలి ఆ రాత వెంట నడుస్తుంది, అంతే. చెక్కడం పూర్తయ్యాక ఎర్ర ముద్దలో అద్ది కాగితం మీద ఒత్తితే, చూసినవాడికి ఉలి కనిపించకూడదు, కుంచె కనిపించాలి.

ఇక్కడికి వచ్చాక శనివారాలు కమ్యూనిటీ సెంటర్ హాల్లో ఈ కుంచెరాత, ముద్రలు చెక్కడం రెండూ నేర్పేవాడు. చిత్రకారులు, కుంచెరాత రాసేవాళ్లు తమ బొమ్మ కిందో, రాత కిందో వేసుకోవడానికి ఆయన చేత ముద్రలు చెక్కించుకునేవారు. విద్యార్థులు ఆయన్ని వాళ్ల భాషలో గురువుగారని పిలుస్తారని విని, ఆ రోజు నుంచి నేను మనసులో మాస్టారు అనుకోవడం మొదలుపెట్టాను.

ఆ కుంచె ఎలా పడతారో కూడా ఆ రోజే చూశాను. నిటారుగా. మణికట్టు బల్లకు ఆనించరు, మోచెయ్యి కూడా గాల్లోనే. మూడు వేళ్లు బయటివైపు నుంచి పడితే ఉంగరపు వేలు లోపలి నుంచి తోస్తూ ఉండాలి, చిటికెనవేలు దానికి దన్ను. అంటే మొత్తం బరువంతా సరిగ్గా ఆయనకు చచ్చుబడిన ఆ రెండు వేళ్ల మీదే. ఉలికి అలా కాదు. పిడికిట్లో పట్టి, చెయ్యి బల్లకు ఆనించి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు బలంతో తోసేయొచ్చు.

థెరపిస్టుగా నాకు ఒక్క చూపులో అర్థమైపోయింది, ఉలి వస్తుంది, కుంచె రావడం కష్టం. మాస్టారికి ఆ సంగతి నేను చెప్పలేదు. మూడో గోల్‌గా "కుంచెతో రాయడం" అని చేర్చాను. చేర్చి, వచ్చేదాని మీద పడ్డాను.

ఆ తర్వాత రెండు నెలలు నా ఉద్యోగంలోకెల్లా సరదాగా గడిచిన రోజులని ఒప్పుకోవాలి. ఉలి పిడికి ప్లాస్టిక్ కరిగించి చుట్టి లావు చేశాను. మొదట సబ్బుబిళ్ల, తర్వాత మెత్తటి రాయి, తర్వాత అసలు రాయి. మాస్టారు రాయి మీద ఉలి తోస్తుంటే సన్నటి పొడి లేచి నా నల్ల టేబుల్ తెల్లబడిపోయేది. పక్క పేషెంట్లు తమ వ్యాయామాలు మానేసి వచ్చి నిలబడేవారు. వారం వారం కొలతలు తీస్తే పట్టు బలం పెరుగుతూనే ఉంది.

ప్రతిసారీ చివరి పది నిమిషాలు కుంచెకి. ఆ పది నిమిషాలు ఎవరూ వచ్చి నిలబడేవారు కాదు. నీళ్లలో తడిపిన కుంచెతో గీతలు గీసేవాడు. కుంచె చేతిలోనే పక్కకి ఒరిగిపోయేది. గీత ఒకచోట ఉబ్బి, ఒకచోట వణికి, ఎటో వెళ్లేది. మాస్టారు దాన్ని కాసేపు చూసి, గుడ్డతో తుడిచి, మళ్లీ గీసేవాడు. నేను ఆ టైములో నోట్స్ టైప్ చేసుకునేదాన్ని. చూడలేక అని ఇప్పుడు అనొచ్చు గానీ, నిజానికి టైము కలిసొస్తుందని.

ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చిన విజిట్లు అయిపోవచ్చాయి. ఇంకొన్ని కావాలంటే రిపోర్టు పంపాలి. పేషెంటు బాగుపడుతున్నాడని చూపించాలి, కానీ ఇంకా బాగుపడాలని కూడా చూపించాలి. ఆ రెంటి మధ్య సన్నటి దారిలో నడవడమే మన వృత్తిలో సగం పనితనం, ఇది మీకు కాలేజీలో ఎవరూ చెప్పరు.

మా మేనేజర్ మంచి మనిషి. ఎప్పుడూ హడావిడిగా ఉండేది. నా డ్రాఫ్టు చదివి తల అడ్డంగా ఊపింది. "ఈ మూడోది ఏమిటి? పది వారాలైంది, ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. రివ్యూ చేసేవాళ్లు దీన్ని చూస్తే ట్రీట్‌మెంట్ పనిచేయడం లేదంటారు. ఉలి విషయంలో ఇంత ప్రోగ్రెస్ ఉంది కదా, దాన్నే చూపించు. ఇది హాబీ. తీసెయ్."

"ఆయనకి ఇదే ముఖ్యం" అన్నాను. గట్టిగా అనలేదు.

"ఆయన వృత్తి ముద్రలు చెక్కడం అని నువ్వే రాశావు."

నిజమే, నేనే రాశాను. కుంచెరాత లేనిదే ముద్ర లేదని రెండు నెలలుగా వింటూ వచ్చినదాన్ని, ఆ మాట ఆవిడకు రెండు ముక్కల్లో చెప్పగలిగేదాన్ని. మధ్యాహ్నం రెండింటికి ఇంకో పేషెంటు. ఆ లైను సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కాను. ఒక్క సెకను పట్టలేదు.

మర్నాడు అసెస్‌మెంట్. మాస్టారు ఇంట్లో మొదలుపెట్టిన రాయి ఒకటి తెచ్చాడు. నలుపలకలుగా ఉన్న లేతాకుపచ్చ రాయి. రెండు అక్షరాలకు ఇంకో నాలుగు గీతలు మిగిలి ఉన్నాయి. మా అందరి ముందూ కూర్చుని ఆ నాలుగూ చెక్కాడు. చెయ్యి ఎక్కడా జారలేదు. పొడి ఊది, ఎర్ర ముద్దలో అద్ది, తెల్లకాగితం మీద పెట్టి, అరచేత్తో బరువుగా ఒత్తి తీశాడు. కాగితం మీద ఎర్రటి చతురస్రం, అందులో తెల్లటి అక్షరాలు. క్లినిక్ అంతా చప్పట్లు. మేనేజర్ ఫోనుతో ఫొటో తీసింది. వరంగల్ అమ్మాయి నా వీపు మీద చరిచి, "కుమ్మేసినవ్ అక్కా!" అంది.

నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. అందరూ చూస్తుండగానే కంప్యూటర్లో ఆ గోల్ పక్కన "సాధించారు" అనే గడిలో టిక్ పెట్టాను.

మాస్టారు ఆ కాగితం వైపే చూస్తున్నాడు. "పాతది" అన్నాడు.

"ఏది పాతది?"

"రాత. పాత రాత" అని, ఇంకేదో చెప్పబోయి, చుట్టూ నవ్వుతున్న మొహాలు చూసి ఆగిపోయాడు. ఆ కాగితం మడిచి నా చేతికిచ్చాడు. నేను థాంక్స్ చెప్పి తీసుకున్నాను. ఏమిటి పాత రాత అని మళ్లీ అడగలేదు.

పది రోజులకు ఇన్సూరెన్స్ వాళ్ల జవాబు వచ్చింది. పేషెంటు తన వృత్తిలోకి పూర్తిగా తిరిగి వచ్చినట్టు థెరపిస్టే ధ్రువీకరించింది కనుక ఇక విజిట్లు అవసరం లేదు.

నేను ఫోన్ చేశాను. అటువైపు రివ్యూ చేసినావిడ కూడా ఒకప్పుడు థెరపిస్టే. మర్యాదగా మాట్లాడింది.

"మీరు పంపిన ఫొటో చూశాను, చాలా బాగుంది" అంది. "ఇక మిగిలింది ఏమిటి?"

"ఆయన రాయలేకపోతున్నాడు."

"పెన్నుతోనా? పెన్నుతో రాస్తున్నాడని మీ నోట్స్‌లో ఉంది."

"కుంచెతో."

"కుంచె గురించి ఈ రిపోర్టులో ఎక్కడా లేదు."

"ఇంతకుముందు రిపోర్టులో ఉంది."

"ఉంది. ఇందులో మీరే తీసేశారు" అంది. "రాయలేకపోతే మరి ఆ ముద్ర ఎలా చెక్కాడు?" అని అడిగింది.

ఆ ప్రశ్న నేను వేసుకోవలసింది.

సాయంత్రం కూతురికి ఫోన్ చేస్తే ఆవిడ చెప్పింది. దెబ్బ తగలకముందు ఎప్పుడో రాసిపెట్టుకున్న నమూనా కాగితాలు ఇంట్లో ఒక పెట్టెనిండా ఉన్నాయట. అందులోంచి ఒకటి తీసి, తడిపి, రాయి మీద అద్ది, ఆ గీతల వెంట చెక్కాడు. నేను విజయమని రాసుకున్నది ఆయన పాత చేతి రాతకు నకలు.

"మీరు ఆ లైను ఎందుకు తీసేశారు?" అని అడిగింది కూతురు.

"విజిట్లు పెరుగుతాయని" అన్నాను.

"మొదటిరోజు నేను ఆయన మాటలన్నీ మీకు చెప్పలేదు. మీటింగ్‌లో ఉన్నాను" అంది. ఆ వాక్యం విని నా తప్పు కొంచెం తేలికపడుతుందేమో అని చూశాను. పడలేదు.

అప్పీలు వేశాం. సర్జన్ చేత ఉత్తరం రాయించాను. కుంచెరాతకూ ముద్రకూ ఉన్న సంబంధం మీద నేను రెండు పేజీలు రాశాను. నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా రాసిన కాగితం ఇంకోటి లేదు. తిరస్కరించారు. కూతురు సొంతంగా డబ్బు కట్టి పంపిస్తానంది, మాస్టారు ఒప్పుకోలేదు. ఇంటి దగ్గర చేసుకోవడానికి వ్యాయామాల షీటు ఇచ్చాను. బొమ్మలతో సహా ఉన్న మంచి షీటు.

"అక్కా, నువ్వు ఊకె మనసుల పెట్టుకోకు" అని వరంగల్ అమ్మాయి చాలాసార్లు అంది. "నర్వ్ దాని టైమ్ అది తీసుకుంటది. నువ్వు ఇంకో ఇరవై విజిట్లు చేసినా గంతే ఉంటుండె."

అయ్యుండొచ్చు. వైద్యం లెక్కన ఆమె మాటే బహుశా నిజం. కానీ నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం కూడా ఆయనకు లేకుండా చేశాను. ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను తినేది అదే. ఓడిపోయిన కేసులు నాకు చాలా ఉన్నాయి, వాటిలో ఆఖరిదాకా ప్రయత్నించాననే తృప్తి ఉంది. దీంట్లో ఓడిపోలేదు, గెలిచానని చెప్పి మధ్యలో లేచి వచ్చేశాను.

ఏడెనిమిది నెలల తర్వాత ఒక శనివారం ఆ కమ్యూనిటీ సెంటర్‌కి వెళ్లాను. హాల్లో ఒక బల్ల చుట్టూ ఆరుగురు కూర్చుని చెక్కుతున్నారు. మాస్టారు లేరు. ఆయన దగ్గర చాలా ఏళ్లు నేర్చుకున్న ఒక నడివయసు విద్యార్థిని క్లాసు నడుపుతోంది. ఎవరి ముందూ కుంచె లేదు. కంప్యూటర్లో ఆ పాతలిపి ఫాంటు దొరుకుతుందట, పేరు టైప్ చేసి, తిరగేసి ప్రింటు తీసి, రాయి మీద అంటించి చెక్కేస్తున్నారు.

"ఇదివరకు ప్రతి ఒక్కరికీ మొదటి రాత మాస్టారే రాసిచ్చేవారు" అంది ఆవిడ. "ఒకే అక్షరం ఇద్దరికి రాసినా రెండు రకాలుగా ఉండేది, మనిషిని చూసి రాసేవారు. దెబ్బ తగిలాక రెండు వారాలు వచ్చారు. ఎవరో ఈ ప్రింట్లు తెచ్చారు. అన్నీ చూసి, బాగున్నాయి అన్నారు. ఆ తర్వాత రాలేదు."

"ఇంట్లో చెక్కుతున్నారా?"

ఆవిడ తల అడ్డంగా ఊపి అడ్రసు రాసిచ్చింది.

కేసు మూసేశాక పేషెంటు ఇంటికి వెళ్లకూడదని మీకు నేర్పుతారు. నాకూ నేర్పారు. వెళ్లాను.

కూతురి ఇంటి గరాజ్‌లో ఒక మూల ఆయన బల్ల. తలుపు ఎత్తే ఉంది. మాస్టారు ఎత్తు తక్కువ స్టూలు మీద కూర్చుని, నీళ్లు పోసిన పళ్లెంలో గరుకు కాగితం పరిచి, ఒక రాయిని దాని మీద గుండ్రంగా రుద్దుతున్నాడు. నీళ్లు పాలలా ఉన్నాయి. పక్కన పాత తువ్వాలు మీద ఇరవై, ముప్పై రాళ్లు ఆరబెట్టి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని అడుగు తిప్పి చూశాను. నున్నగా ఉంది. ఇంకోటి చూశాను. అదీ నున్నగానే ఉంది.

"ఇవన్నీ ఏమిటి?"

"నా పేర్లు" అన్నాడు. కుంచెరాత రాసేవాళ్లకు ఒక్క ముద్ర ఉండదట. రాతకు తగ్గది, కాగితానికి తగ్గది, వయసుకు తగ్గది. నలభై ఏళ్లుగా తన కోసం తను చెక్కుకున్నవి. రాత పూర్తయ్యాక, చివర, మూల చూసి వేసే ముద్రలు.

"ఎందుకు చెరిపేస్తున్నారు?" అని అడిగాను.

ఆయన రుద్దడం ఆపలేదు. "రాత లేదు. సంతకం దేనికి?" అన్నాడు. తర్వాత నన్ను ఓదార్చాలనుకున్నాడో ఏమో, "మంచి రాళ్లు. పిల్లలు మళ్లీ చెక్కుతారు" అన్నాడు.

"మీరు చెక్కగలరు కదా. చెయ్యి బాగానే ఉంది. పెట్టెనిండా పాత రాతలున్నాయి."

"చెక్కగలను" అని ఒప్పుకున్నాడు. "నువ్వు బాగా చేశావు." ఇంగ్లీషు మాటల కోసం కాసేపు వెతుక్కుని, నెమ్మదిగా, "అది రాసినవాడు వేరే. నేను వాడి పనివాణ్ణి" అన్నాడు.

నేను అప్పుడు క్షమాపణ చెప్పాను. ఆ లైను, డిలీట్, ఫోను, అన్నీ చెప్పాను. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. చేతిలో రాయిని నీళ్లలో ముంచి, అడుగు చూసి, ఇంకా ఏదో గీత మిగిలిందన్నట్టు మళ్లీ రుద్దసాగాడు. వేళ్లు చూశాను. ఉంగరపు వేలు, చిటికెనవేలు కొక్కేల్లా వంగే ఉన్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంటపడిపోయింది. అలాంటి చెయ్యి చూస్తే ఫైల్లో ఏం రాయాలో నాకు తెలుసు: ఆ కండరాలు ఇక తిరిగి రావు.

అయినా నోరు ఊరుకోలేదు. "ఒక్కసారి కుంచె పట్టండి. నేను సాయం చేస్తాను" అన్నాను.

వద్దంటాడనుకున్నాను. లేచి చేతులు తుడుచుకుని, గోడకు వేలాడుతున్న కుంచె తీశాడు. సిరా కడ్డీని నీళ్లతో నూరాడు, దానికే చాలాసేపు పట్టింది. కాగితం పరిచి, నిలబడి, మోచెయ్యి పైకెత్తాడు. నేను పక్కన నిలబడి ఆయన చేతి చుట్టూ నా చేయి వేసి, ఆ ఉంగరపు వేలిని వెనక నుంచి నా వేళ్లతో తోసి నిలబెట్టాను. కుంచె నిటారుగా నిలిచింది. ఇన్ని నెలల్లో మొదటిసారి.

"ఒకటి" అన్నాడు. వాళ్ల లిపిలో ఒకటి అంటే ఒక్క అడ్డగీత. అంత తేలికైనదీ లేదు, అంత కష్టమైనదీ లేదని క్లినిక్‌లో ఒకసారి చెప్పాడు.

కుంచె కాగితానికి తగిలింది. నేను ఆ వేలిని వదలకుండా ఆయనతోపాటు ఎడమ నుంచి కుడికి నడిచాను. గీత పూర్తయింది. తిన్నగా, ఎక్కడా వణకకుండా, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే మందంలో నల్లగా మెరుస్తోంది.

"చూడండి!" అన్నాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూడండి మాస్టారూ, వచ్చింది!"

ఆయన కాగితం మీదకి వంగి చూశాడు. గీత మొదలు చూశాడు, మధ్య చూశాడు, చివర చూశాడు. తొందరేమీ లేదు.

"మంచి గీత" అన్నాడు. నా వైపు తిరిగి, మంచి విద్యార్థికి చెప్పినట్టు, "నీది" అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన కుంచెను నీళ్లలో కడిగి, ఎడమచేతి వేళ్లతో మొన సరిచేసి, తలకిందులుగా గోడకు తగిలించాడు. టీ తాగి వెళ్లమన్నాడు. కూర్చుని తాగాను. నేను తాగుతున్నంతసేపూ ఆయన మళ్లీ స్టూలు మీద కూర్చుని రాయి రుద్దుతూనే ఉన్నాడు.